చెప్పిపెట్టిన ఆకులు

హోటలు పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను చూడటానికి వచ్చినప్పుడు అడిగే ప్రశ్నల్లో ఒకటి మాత్రం మారదు. తిరునాళ్ళలో, సర్కస్ మైదానంలో, ఎగ్జిబిషన్‌లో హోటలు పెట్టినప్పుడు ముందుగా చెప్పినవాళ్ళకు ఆకులు ఆపి ఉంచాలా, లేక వచ్చినవాళ్ళను వచ్చినట్లు కూర్చోబెట్టాలా అని. మా వృత్తిలో ఆకు అంటే ఒక మనిషి భోజనం, ఆ మనిషి కూర్చునే చోటు కూడా. జనం వెల్లువలా వచ్చే చోట ఒక ఆకు ఖాళీగా ఉంచడం ఎంత కష్టమో ఆ తలుపు దగ్గర నిలబడినవాడికే తెలుస్తుంది.

నా జవాబు ముందే చెప్పేస్తాను. ఆపి ఉంచాలి. కానీ ఉద్యోగంలో చేరిన చాలా ఏళ్ళ వరకు నా మాట ఇది కాదు. ఆపకూడదు అనేవాణ్ణి, గట్టిగా అనేవాణ్ణి, యజమానితో పోట్లాడేవాణ్ణి కూడా. కర్నూలులో ఒక ఆదివారం మధ్యాహ్నం చూసినదాంతో నా నోరు మూతపడింది. నేను ఏ ఏడాది మేనేజరునయ్యానో, ఎన్ని హోటళ్ళు మారానో మీకెందుకు? ఆ ఆదివారం సంగతి చెబుతాను, అది పనికొస్తుంది.

కడపలో నేర్చింది

మొదట నేను కడపలో వడ్డన పనిలో చేరాను. మా యజమాని ఏటా ఒంటిమిట్ట తిరునాళ్ళకు తడికలతో పెద్ద పాక వేసి భోజనాలు పెట్టేవాడు. పేరు చెప్పను, పోయినవాడి గురించి చెడు మాట్లాడకూడదు. పెద్దమనుషులు కబురు పంపితే చాలు, పాకలో ముందువరస మొత్తం వాళ్ళకే. ఆకులు పరిచి, నీళ్ళు చల్లి, గ్లాసులు కూడా పెట్టించేవాడు.

ఒకసారి అలా పరిచిన వరసకు ఎవరూ రాలేదు. పాక బయట తాడు కట్టి ఉంటే దానికవతల జనం. వాళ్ళలో ఒక ముసలాయన, దూరం నుంచి నడిచి వచ్చినట్లుంది, కాళ్ళ నిండా దుమ్ము. ఆయన మమ్మల్ని ఏమీ అడగలేదు. ఆ ఖాళీ ఆకులనే చూస్తూ నిలబడ్డాడు. ఎండకు ఆకుల అంచులు ముడుచుకుపోతున్నాయి, ఆయన మొహమూ అలాగే ఉంది. సాయంత్రానికి యజమాని ఆ ఆకులు ఎత్తి పారేయించాడు. ముసలాయన అప్పటికి ఎటో వెళ్ళిపోయాడు.

అప్పుడే అనుకున్నాను, నా చేతికి పెత్తనం వస్తే జాతర్లలో ముందుమాట, అంటే ముందుగా చెప్పి ఆకులు ఆపించుకోవడం, అనేదే ఉండదని. ఆకలికి వరస ఒక్కటే, ఎవడు ముందొస్తే వాడు ముందు తినాలి. ఇది న్యాయమే, ఇప్పటికీ కాదనను. కాకపోతే న్యాయంలో సగం అది.

పనిలో ఉన్నవాళ్ళకు ఇక్కడొక మాట. ఆపిన ఆకులు ఎప్పుడూ పరిచి ఉంచకండి. కట్టగా చుట్టి, తడిగుడ్డ కప్పి లోపల పెట్టండి. పరిచిన ఖాళీ ఆకును ఆకలిగా ఉన్నవాడికి చూపించడం మహా పాపం.

గోవిందశెట్టిగారు

తర్వాత కర్నూలులో గోవిందశెట్టిగారి దగ్గర మేనేజరుగా చేరాను. ఆయనంత మంచి యజమానిని నేను మళ్ళీ చూడలేదు, ఆయనంత మొండివాణ్ణీ చూడలేదు. అంగట్లో గల్లాపెట్టె దగ్గర కూర్చునే రకం కాదు. భోజనాల వేళ తువ్వాలు నడుముకు చుట్టుకుని బంతుల మధ్య తిరిగేవారు. ఆకులో ఏది తగ్గిందో ఆ ఆకు ముందు కూర్చున్నవాడికంటే ముందు ఆయనకే కనిపించేది.

అప్పుడు కర్నూలు కొత్త రాష్ట్రానికి రాజధాని. ఆఫీసులు డేరాల్లో, గుమాస్తాలు సత్రాల్లో, ఊరంతా ఊపిరాడకుండా ఉండేది. కోస్తా జిల్లాల నుంచి వచ్చిన గుమాస్తాలు మా హోటల్లో కూర్చుని "ఇదేం కారమండీ బాబూ" అని కళ్ళు తుడుచుకుంటూ, మళ్ళీ అదే పచ్చడి వేయించుకునేవారు. మాకు భలే సరదాగా ఉండేది.

ఆ రోజుల్లోనే తుంగభద్ర ఒడ్డున ఎగ్జిబిషన్ పెట్టారు. నేను చిన్నపిల్లవాణ్ణేమీ కాదు, అయినా మొదటిరోజు ఆ పెద్ద రాట్నం కింద నోరు తెరుచుకుని నిలబడ్డాను. ఇనుప చక్రం ఆకాశంలోకి లేచి, మనుషుల్ని కూర్చోబెట్టుకుని, అంత మెత్తగా కిందికి దించుతుంటే ఇది మనుషులు చేసిన పనేనా అనిపించింది. చెక్కల బావిలో ఒకాయన మోటారు సైకిలు గోడ మీద నడిపేవాడు. ఎండాకాలం మొదలు, చుట్టుపక్కల పల్లెల్లో చేలల్లో పనుల్లేవు. బండ్లు కట్టుకుని జనం వచ్చేవారు, మధ్యాహ్నానికే చేరి, చీకటిపడి దీపాలు వెలిగేదాకా కాచుకుని కూర్చునేవారు. ఆ మైదానంలో శెట్టిగారు తడికల హోటలు వేశారు.

ఊరివాళ్ళూ ఆఫీసర్లూ ముందుగా చెప్పి పంపేవారు. పల్లెవాళ్ళు చెప్పేవారు కాదు. "అన్నానికి ముందు చెప్పేదేందప్పా, ఆకలైతే తింటాము" అనేవారు. చాలామంది జొన్నరొట్టెలు, బుడ్డల పొడి, అంటే వేరుశనగ పొడి, మూటగట్టుకుని వచ్చేవారు. ఆడవాళ్ళయితే హోటలు గడప తొక్కేవారే కాదు.

నేను శెట్టిగారితో అన్నాను, "అయ్యా, ఈడ ముందుమాటలు వద్దు. వచ్చినోడు వచ్చినట్ల కూచుంటాడు."

"నీకు తెలీదప్పా," అన్నారాయన. "చెప్పినోడు మనల్ని నమ్మి ఇంట్ల పొయ్యి రాజేయకుండా బండి కట్టినాడు. వాడు దావలో ఉన్నంతసేపూ వాని అన్నం మన మీద ఉండాది."

"మరి వాకిట్ల నిలబడినోడు?"

"వానికి కూడా పెట్టాల. పెట్టలేకుంటే మనకు హోటలు ఏమిటికి?"

ఇది జవాబా? ఆయనతో ఎప్పుడూ ఇంతే. నేను విసుక్కుంటే, "నీది కడప నోరప్పా, మిరపకాయ కొరికి మాట్లాడతావు" అని నవ్వేసేవారు.

చెన్నమ్మ

ఒక పొద్దున వంటాయన ఆచారి పొయ్యిలు రాజేస్తుంటే ఒక ముసలావిడ పాకలోకి వచ్చి శెట్టిగారిని అడిగింది. సన్నగా, పొట్టిగా ఉంది, చేతులకు వెండి కడియాలు. నందికొట్కూరు దగ్గరి పల్లె నుంచి వచ్చింది. పేరు చెన్నమ్మ. ఆమె భర్త బతికున్న రోజుల్లో శెట్టిగారి అంగడికి శనగలు తెచ్చేవాడట, ఆ పరిచయం.

శెట్టిగారు స్టూలు చూపిస్తే ఆమె కూర్చోలేదు. నేల మీదే కూర్చుంది.

"నాకు ఇద్దరు కొడుకులప్పా, మూడు పొయ్యిలు," అంది.

"మూడేమిటికమ్మా?"

"పెద్దోడు నాగిరెడ్డిది ఒకటి. చిన్నోడు ఓబుళరెడ్డిది ఒకటి. రెండిండ్లకూ నడుమ నాదొకటి. వీనింట్ల తింటే వానికి కోపం, వానింట్ల తింటే వీనికి కోపం. నా ముద్ద నేనే ఉడకేసుకుంటాండా."

కరువు వచ్చిన ఒక ఎండాకాలం మోట బావి దగ్గర నీళ్ళ వంతు కోసం అన్నదమ్ములకు మాటా మాటా వచ్చిందట. మాటలు కట్టెలయ్యాయి. పెద్దవాడి పక్షాన ఒకడికి తల పగిలింది. అప్పటి నుంచి ఒకరి గడప ఒకరు తొక్కరు, ఒకరు పిలిచిన చోట ఇంకొకరు అన్నానికి చెయ్యి కడగరు. ఊళ్ళో ఆ ఇంటిపేరు వాళ్ళంతా రెండుగా చీలిపోయారు. ఎవరింట పెళ్ళయినా ఒక పక్షం వస్తే ఇంకొకటి రాదు.

"మళ్ళా కట్టెలు లేస్తాయి," అంది చెన్నమ్మ. "ఈసారి తల పగిలేది నా కడుపున పుట్టినోనిదే. ఎవునిదో తెలీదు. నేను పొయ్యేలోపల వాళ్ళిద్దరినీ ఒక బంతిలో చూడాలప్పా."

ఆమె ఏడవలేదు. వాన పడుతుందా పడదా అని మాట్లాడుకునే గొంతుతోనే చెప్పింది. 

"వచ్చే ఆదివారం మా ఇంటోళ్ళకు ఆకులు పెట్టి ఉంచాల. పిల్లోళ్ళు రాట్నం, రాట్నం అని పానం తీస్తాండారు."

"ఎంతమందమ్మా?" అన్నాను నేను.

"మనుషులను లెక్కపెడతారా ఎవురన్నా? మా ఇంటోళ్ళు."

శెట్టిగారు నన్ను కళ్ళతోనే ఆపారు. ఆయనకూ ఆ పట్టింపు ఉంది. తినబోయేవాళ్ళను పైకి లెక్కపెడితే అరిష్టమని ఆయన నమ్మకం.

"ఇంగొకటి," అంది చెన్నమ్మ లేస్తూ. "నోటిమాటతో మా ఆడోళ్ళు అంగట్లో అన్నానికి రారు. మీ ఇంటామెను పంపి బొట్టు పెట్టించు."

"దానికేం భాగ్యం, పంపిస్తా," అన్నారు శెట్టిగారు.

నేను ఆమె వెంట బండి దాకా వెళ్ళాను. మనసు ఊరుకోక అడిగాను, "అమ్మా, నువ్వు పిలిస్తే ఇద్దరూ వస్తారా?"

"నేను పిలుస్తాండానా? పిలిచేది మీరు గదప్పా," అని బండెక్కింది.

బొట్టు

శెట్టిగారి భార్య రంగమ్మగారు మర్నాడు కుంకుమభరిణె, తాంబూలం తీసుకుని ఆ పల్లెకు వెళ్ళి వచ్చారు. ఇక్కడ జరిగిన పొరపాటు మా సీమవాళ్ళు తప్ప ఇంకెవరూ చేయలేరు.

శెట్టిగారి లెక్కలో అది హోటలుకు వచ్చిన ముందుమాట. బొట్టు అనేది మర్యాద కోసం, ఆ ఇంటి కోడళ్ళకు మొహమాటం తీరడం కోసం. రెండు మూడు బండ్ల మనుషులు వస్తారు, అంతే. రంగమ్మగారి లెక్కలో బొట్టు అంటే బొట్టే. ఒక వాకిట్లో పెట్టి పక్క వాకిలి దాటిపోతే ఆ వాకిలిని అవమానించినట్లు. చెన్నమ్మ తన నడిమింట్లో బొట్టు పెట్టించుకుని, ఆమెను చెయ్యి పట్టుకుని పెద్దకోడలి దగ్గరికి, అక్కడి నుంచి చిన్నకోడలి దగ్గరికి తీసుకుపోయింది. ఆ తర్వాత ఆ ఇంటిపేరున్న ప్రతి గడపకూ. రంగమ్మగారు వీధి చివరిదాకా బొట్టు పెడుతూనే పోయారు.

ఇంటికొచ్చాక ఆయన అడగలేదు, అడిగితే మనుషుల్ని లెక్కపెట్టినట్లవుతుంది. ఆవిడ చెప్పలేదు, బొట్టుకు పంపిన మగవాడికి బొట్టంటే ఏమిటో తెలియదా అనుకున్నారు. మొగుడూ పెళ్ళాలు ఇద్దరూ మంచివాళ్ళే. మంచివాళ్ళు చేసే పొరపాట్లు ఇలాగే ఉంటాయి.

ఆచారికి నేను వండమని చెప్పింది మామూలు ఆదివారం జనానికి, మూడు బండ్ల మనుషులకు.

ఆదివారం

ఆ ఆదివారం ఎండ మండిపోయింది. రెండు బంతులు లేచాయి. పాకలో ఎడమపక్క చాపలు పరిచిన పొడుగు వరస చెన్నమ్మగారి వాళ్ళది. నేను ఆకులు చుట్టి లోపల పెట్టించాను గానీ ఖాళీ చాపలు కనిపించకుండా ఎక్కడ దాచను? తలుపు దగ్గర జనం ఎక్కువయ్యారు. కోస్తా గుమాస్తా ఒకాయన, తరచుగా వచ్చేవాడే, పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చాడు.

"ఏమండీ, అంత చోటు ఖాళీగా ఉందిగా. మమ్మల్ని ఎండలో నిలబెట్టడం ఏం మర్యాదండీ?"

 నా మనసులో మాటే ఆయన అన్నాడు. శెట్టిగారు పోయి ఆ ఖాళీ వరస మొదట్లో చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు, కాపలా ఉన్నట్లు.

నాకు కోపం వచ్చింది. "అయ్యా, లోపల అన్నం చల్లారతాంది, బయట మనుషులు వేడెక్కుతాండారు," అన్నాను.

"దావలో ఉండారప్పా."

"పొద్దు వాలిపాయె."

"దావలో ఉండారు," అన్నారు మళ్ళీ. అంతే. ఆ మొండితనానికి ఏం మందు వేయాలి? నేను విసురుగా రోడ్డు మీదకు వచ్చాను.

అప్పుడు చూశాను దుమ్ము. నందికొట్కూరు దారిలో ఎర్రగా లేచింది. ముందు ఒక బండి, దాని వెనక ఇంకొకటి. మూడో బండి కనబడగానే అమ్మయ్య అనుకున్నాను. నాలుగోది వచ్చింది. అయిదోది వచ్చింది. ఎడ్ల గంటలు, పిల్లల కేకలు, దుమ్ములోంచి బండ్లు పుడుతూనే ఉన్నాయి. ఊరు ఊరే లేచి వస్తున్నట్లుంది. నా జన్మలో ఎన్నో బంతులు వడ్డించాను, ఒక భోజనానికి అంత ఊరు కదిలి రావడం అదే మొదటిసారి చూడటం. 

ఇంకాస్త దగ్గరికి వచ్చాక తెలిసింది, అవి రెండు గుంపులు. మధ్యలో కావాలని వదిలిన ఎడం ఉంది. ముందు గుంపులో తలపాగా కట్టుకున్న భారీ మనిషి నాగిరెడ్డి. వెనక గుంపులో సన్నగా పొడుగ్గా ఉన్నవాడు ఓబుళరెడ్డి. బండ్ల పక్కన నడిచే మగవాళ్ళ చేతుల్లో కట్టెలు. ఇద్దరి మధ్యా ఒక బండి మాత్రం ఒంటరిగా వస్తోంది. దాంట్లో చెన్నమ్మ.

అప్పుడు నాకు వెలిగింది. బొట్టు పెట్టించుకున్న ఆడది రాకపోతే ఇంటికి కీడు. ఆడవాళ్ళూ పిల్లలూ బయల్దేరితే మగవాళ్ళు తోడు రాకుండా ఎలా ఉంటారు? అవతలివాడు వస్తున్నాడని మానుకుంటే జంకినట్లవుతుంది. పిలిచింది అన్న కాదు, తమ్ముడూ కాదు, కర్నూలు శెట్టి. ఆ ముసలావిడ ఒక్క బొట్టుతో రెండు పక్షాలనూ ఇంట్లోంచి లేపుకొచ్చింది.

లోపలికి పరిగెత్తాను. శెట్టిగారు ఆ బండ్లు చూసి తెల్లబోయారు. రంగమ్మగారిని చూశారు. ఆవిడ "పిల్చినోళ్ళే గదా వచ్చింది" అన్నారు, నింపాదిగా. ఆచారి గంటె పట్టుకుని బయటికొచ్చి, "స్వామీ, ఇది సగం మందికి కూడా రాదు" అన్నాడు. మళ్ళీ ఎసరు పెట్టాలంటే నీళ్ళు కూడా లేవు, పీపాలు అడుగంటాయి.

సగం మందికే ఆకులు. అంటే ఒక పక్షం కూర్చుంటుంది, ఇంకొకటి నిలబడి చూస్తుంది. కట్టెలు చేతుల్లోనే ఉన్నాయి. మా పాకలోనే తలలు పగులుతాయని నాకు తెలిసిపోయింది.

వడ్డన

చెన్నమ్మ బండి దిగి నేరుగా నా దగ్గరికి వచ్చింది.

"ఎంతమందికి ఉండాదప్పా?"

"సగానికే అమ్మా. ఇంగ సగం వండాల, పొద్దు పడుతాది."

ఆమె ఒక్క క్షణం మా పాక గుంజ పట్టుకుని నిలబడింది. ఇంత దూరం లాక్కొచ్చిన పని ఈ గడపలో తలకిందులవుతుందని ఆమెకూ తెలుసు. తర్వాత వెనక్కి తిరిగి ఇద్దరు కొడుకుల్నీ పేరు పెట్టి పిలిచింది. ఇద్దరూ వచ్చారు, ఒకరినొకరు చూడకుండా ఆమెకు అటొకరు ఇటొకరు నిలబడ్డారు.

"ఆకులు సగమే ఉండాయి," అంది. "నువ్వు ముందు కూచుంటే వాడు బండి తిప్పుతాడు. వాడు కూచుంటే నువ్వు తిప్పుతావు. అందుకని మగోళ్ళు ఎవురూ కూచోరు. ఆడోళ్ళు, పిల్లోళ్ళు కూచుంటారు. మీరు వడ్డిస్తారు."

మా వైపు మగవాళ్ళు తినకముందు ఆడవాళ్ళు బంతిలో కూర్చోవడం నేను అంతకుముందు చూసి ఉండలేదు. అక్కడున్నవాళ్ళెవరూ చూసి ఉండరు.

నాగిరెడ్డి నోరు తెరవబోయాడు. ఆమె ఆపింది.

"ఇనుకో. నువ్వు నీ పిల్లోళ్ళకు కాదు వడ్డించేది, వాని పిల్లోళ్ళకు. రేయ్ ఓబుళా, నువ్వు వీని పిల్లోళ్ళకు. మీ ఎంబడి వచ్చినోళ్ళూ అంతే. వడ్డించేవాడు మనోడైతే యాడ కూచున్నా ఒకటే అంటారు గదా. మనోడు కానోడు వడ్డిస్తే ఎట్లుంటాదో ఈపొద్దు చూస్తా."

మగవాళ్ళు కట్టెలు దించలేదు.  ఆడవాళ్ళు ఒక్కరొక్కరే వచ్చి చాపల మీద కూర్చోవడం మొదలుపెట్టారు. ఇద్దరు కోడళ్ళు పక్కపక్కనే కూర్చున్నారు. ఆకులు పరిచాము. పిల్లలు ముందే కూర్చుని ఆకుల మీద నీళ్ళు చల్లుకుంటున్నారు. వాళ్ళలో ఓబుళరెడ్డి చిన్నకూతురు ఒకతి, బావి సంగతి ఏమీ తెలియని వయసు, తలెత్తి నాగిరెడ్డిని చూసి, "పెద్దనాయనా, ఆకలైతాంది" అంది.

నాగిరెడ్డి చేతిలో కట్టెను తడికకు ఆనించాడు. తలపాగా విప్పి నడుముకు చుట్టుకున్నాడు. నా చేతిలోని పప్పు బొక్కెన లాక్కున్నాడు.

ఆ తర్వాత జరిగింది వడ్డనా, పందెమా నాకు తెలియదు. బంతిలో వలపక్షం చేశాడన్న మాట పడటానికి ఏ మగవాడూ సిద్ధంగా లేడు. అవతలి పక్షం పిల్లవాడి ఆకులో ముద్ద తక్కువైందని ఎవరైనా అంటే తల ఎక్కడ పెట్టుకోవాలి? నాగిరెడ్డి రెండు గంటెల పప్పు వేస్తే, ఓబుళరెడ్డి అటువైపు మూడు వేశాడు. ఇతను నెయ్యి పోస్తే అతను ఇంకా పోశాడు. పిల్లలు చాలు చాలు అని ఆకులకు చేతులు అడ్డం పెడుతున్నారు. ఆచారి లోపలి నుంచి తొంగి చూసి, "స్వామీ, నెయ్యి జాడీ తిరగబడింది" అని తల పట్టుకున్నాడు. నాకు నవ్వొచ్చింది, కళ్ళల్లో నీళ్ళూ తిరిగాయి.

ఈలోగా ఎసరుకు నీళ్ళు కావాలి. ఎండలో నిలబెట్టామని కోప్పడిన కోస్తా గుమాస్తా చొక్కా చేతులు మడిచి, "బిందెలు ఇటు ఇవ్వండి" అన్నాడు. ఆయన్ను చూసి మిగతావాళ్ళు కూడా వచ్చారు. ఏటి దాకా ఒక వరస కట్టారు. ఆకలిగా ఉన్న మనుషులు, తమకంటే ఆలస్యంగా వచ్చినవాళ్ళ కోసం నీళ్ళు మోశారు. అంత గొప్ప దృశ్యం నేను మళ్ళీ చూడలేదు, చూస్తానన్న ఆశ కూడా లేదు.

వండిన కొద్దీ వడ్డించాము. నీళ్ళు మోసినవాళ్ళూ, వాళ్ళ పిల్లలూ పల్లెవాళ్ళతో కలిసి కూర్చున్నారు. ఆ తర్వాత మగవాళ్ళు, రెండు పక్షాలవాళ్ళు, చోటు దొరికిన చోట కూర్చున్నారు. అప్పటికి పప్పు లేదు, కూర లేదు. అన్నం, మజ్జిగ, మామిడికాయ ఊరగాయ. ఎవరూ నోరెత్తలేదు.

కడబంతి

చివరికి ముగ్గురు మిగిలారు. చెన్నమ్మ, ఇద్దరు కొడుకులు. పొద్దు గుంకింది, రాట్నం తిరగడం మొదలైంది. పిల్లలంతా అటు పరిగెత్తారు. పాకలో మేమూ వాళ్ళూ తప్ప ఎవరూ లేరు.

చెన్నమ్మ మధ్యలో కూర్చుంది. నేను ఆమెకు అటూ ఇటూ ఆకులు వేశాను. నాగిరెడ్డి తల్లికి అన్నం పెట్టాడు. ఓబుళరెడ్డి మజ్జిగ పోశాడు. ఆమె తినడం మొదలుపెట్టలేదు. ఇద్దరూ ఆమె ముందు నిలబడ్డారు. ఆమెకు పెట్టడం అయిపోయింది. ఇంక పెట్టాల్సింది ఒకరికొకరే.

నేను అన్నం బొక్కెన పట్టుకుని ముందుకు కదిలాను. నా పని అదే కదా, ఎవరి ఆకూ ఖాళీగా ఉండకూడదు. శెట్టిగారు నా మోచెయ్యి గట్టిగా పట్టుకుని వెనక్కి లాగారు. అంత గట్టిగా ఆయన నన్ను ఎప్పుడూ పట్టుకోలేదు. మా వృత్తిలో వడ్డించడం ఎవరైనా నేర్పుతారు. వడ్డించకుండా నిలబడటం ఆయన నేర్పారు, ఆ ఒక్కసారే.

 చెన్నమ్మ ఎవరి వైపూ చూడలేదు. తన ఆకు వైపు చూస్తూ కూర్చుంది. 

ఓబుళరెడ్డి మెల్లగా ఆమె ఎడమపక్క ఆకు ముందు కూర్చున్నాడు. నాగిరెడ్డి నా చేతిలోని బొక్కెన తీసుకున్నాడు. తమ్ముడి ఆకులో అన్నం పెట్టాడు. మజ్జిగ పోశాడు. పోసి, అక్కడి నుంచి కదలకుండా నిలబడ్డాడు. ఓబుళరెడ్డి ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. తలెత్తకుండానే ఎడమచెయ్యి చాచాడు.

"అన్నా, ఉప్పు లేదు," అన్నాడు.

మా సీమలో ఉప్పు ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి ఇవ్వరు. ఇస్తే ఆ ఇద్దరికీ జగడమొస్తుందంటారు. నాగిరెడ్డి పోయి ఉప్పుగిన్నె తెచ్చాడు. తమ్ముడు చాచిన చేతిలో వెయ్యలేదు. అంత భారీ మనిషీ మోకాళ్ళ మీద వంగి, చిటికెడు ఉప్పు తీసి, ఆకు అంచున మెల్లగా పెట్టాడు.